స్పీకర్లు కొనేముందు ఎంత శబ్దం కావాలో, ఎంత శబ్దం మంచిదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: గృహశ్రోత

నమస్కారం. మా ఇంటి ముందుగది కోసం ఒక జత స్పీకర్లు, వాటికి తగిన యాంప్లిఫయర్ కొనాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. గది పొడవు 5 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. స్పీకర్లు పెట్టదలచిన చోటికీ మేము కూర్చునే సోఫాకూ మధ్య 3 మీటర్ల దూరం ఉంటుంది. ఎక్కువ సమయం సంగీతమే వింటాము. రాత్రిపూట వార్తలు, అప్పుడప్పుడు సినిమాలు చూస్తాము.

నన్ను తికమకపెడుతున్నవి రెండు విషయాలు. మొదటిది వాట్ల లెక్క. దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న పెట్టెల మీద ఒకచోట 40 వాట్లనీ, ఇంకొకచోట 200 వాట్లనీ, మరొకచోట ఏకంగా 2000 వాట్లనీ రాసి ఉంటోంది. ఈ అంకెను బట్టే ఎంచుకోవాలా, లేక చూడవలసినది వేరే ఏదైనా ఉందా? రెండవది భద్రత. మా ఇంట్లో వినికిడి కొంత తగ్గిన నాన్నగారు ఉన్నారు, నాలుగేళ్ల పాప ఉంది. నాన్నగారికి మాటలు తెలియాలంటే శబ్దం పెంచవలసి వస్తోంది. పెంచినప్పుడల్లా పాప చెవుల గురించి దిగులు కలుగుతోంది. 85 డెసిబెల్స్ దాటనంతవరకు ఏ ప్రమాదమూ లేదని పలుచోట్ల చదివాను. ఆ మాటను నమ్మవచ్చునా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: నాదమాపకం

మీరు కూర్చునే చోట ఎంత శబ్దం ఉండాలో ముందుగా నిర్ణయించుకుంటే, స్పీకరు ఎంతటిదై ఉండాలో, యాంప్లిఫయర్‌కు ఎన్ని వాట్లు కావాలో చిన్న లెక్కతో తేలిపోతుంది. చాలామంది ముందు వాట్లు కొని, ఆ తరువాత వాటిని ఏం చేయాలో తెలియక వాల్యూమ్ పెంచుతూ పోతారు. కాబట్టి మీ రెండు సందేహాలనూ కలిపి చూడడమే మేలని నా అభిప్రాయం.

ముందుగా ఆ 2000 అంకెను పక్కన పెట్టండి. అటువంటి పెద్ద అంకెలను సాధారణంగా పీఎంపీవో అన్న పేరుతో వేస్తారు. దానికి అందరూ అంగీకరించిన కొలత పద్ధతి ఏదీ లేదు కనుక రెండు పెట్టెలను పోల్చడానికి అది పనికిరాదు. ఆర్‌ఎంఎస్ అని గాని, నిరంతర శక్తి (ఆగకుండా ఇవ్వగల లేదా తట్టుకోగల శక్తి) అని గాని ఇచ్చిన అంకెకు అర్థం ఉంది. అయితే స్పీకరు మీద రాసిన ఆ అంకె కూడా అది ఎంత శక్తిని తట్టుకోగలదో చెబుతుందే తప్ప, ఎంత బిగ్గరగా పలుకుతుందో చెప్పదు. బిగ్గరతనాన్ని చెప్పేది సెన్సిటివిటీ: ఒక వాట్ శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో తెలిపే కొలత. ఇళ్లలో వాడే చిన్న స్పీకర్లలో అది ఎక్కువగా 84 నుంచి 88 మధ్య ఉంటుంది.

మీ గదికే లెక్క వేద్దాం. స్పీకరు సెన్సిటివిటీ 86 అనుకోండి. ఆరుబయట అయితే దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఆ ప్రకారం 3 మీటర్ల దగ్గర దాదాపు 9.5 తగ్గాలి. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొట్టడం వల్ల సుమారు 3 తిరిగి కలుస్తాయి, రెండు స్పీకర్లు కలిసి పలకడం వల్ల మరో 3 కలుస్తాయి. అంటే స్పీకరుకు ఒక్క వాట్ చొప్పున ఇస్తేనే మీ సోఫా దగ్గర 82 డెసిబెల్స్ దాకా వస్తాయి. ఇంట్లో హాయిగా, నిండుగా వినడానికి సగటున 70 నుంచి 75 చాలు. 75 కోసం మీరు వాడేది ఒక వాట్‌లో ఐదో వంతు మాత్రమే.

అలాగైతే ఇన్ని వాట్లు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. సంగీతం సగటు స్థాయిలోనే నిలిచి ఉండదు. తాళవాద్యం మీద దెబ్బ పడిన క్షణంలో సగటు కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 10 పెరగాలంటే పదింతల శక్తి కావాలి, 20 పెరగాలంటే వందరెట్లు. ఐదో వంతు వాట్‌కు వందరెట్లు అంటే 20 వాట్లు. ఈ శిఖరాలు తెగిపోకుండా పలకడం కోసమే యాంప్లిఫయర్‌లో నిల్వ సామర్థ్యం ఉండాలి. ఛానెల్‌కు, అంటే ఒక్కొక్క స్పీకరుకు, 50 నిజమైన వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ మీ గదికి ధారాళంగా సరిపోతుంది. 50కి బదులు 100 వాట్లది తీసుకుంటే మీకు అదనంగా దొరికేది 3 డెసిబెల్స్ అని గుర్తుంచుకుంటే ఆ ఖర్చు అవసరమా కాదా మీకే తెలుస్తుంది.

సమాధానం: శ్రవణపరీక్షకులు

నేను వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. 85 డెసిబెల్స్ అన్న మాటను ఎంతోమంది ఇదే విధంగా అర్థం చేసుకుంటున్నారు కనుక దాని మూలం చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

ఆ అంకె పని ప్రదేశాలది. అమెరికాలో వృత్తిపరమైన ఆరోగ్యాన్ని పరిశోధించే నియోష్ సంస్థ, రోజుకు 8 గంటలు ఉద్యోగంలో శబ్దానికి గురయ్యేవారి కోసం 85 డెసిబెల్స్‌ను పరిమితిగా సిఫారసు చేసింది. అది ఎవరికీ హాని జరగని హద్దు కాదు. 1998లో ప్రచురించిన పత్రంలో ఆ సంస్థే, 40 ఏళ్ల ఉద్యోగ జీవితమంతా ఆ స్థాయిలో గడిపినవారిలో సుమారు 8 శాతం మందికి శబ్దం వల్లనే వినికిడి లోపం అదనంగా ఏర్పడవచ్చునని అంచనా వేసింది. పైగా పని ముగిశాక మిగిలిన 16 గంటలూ చెవికి విశ్రాంతి దొరుకుతుందన్న భావన అందులో ఉంది. ఇంట్లో స్పీకర్లు మోగేది ఆ విశ్రాంతి వేళలోనే. కాబట్టి 85ను ఇంటికి తెచ్చి, అంతదాకా ప్రమాదం లేదనుకోవడం సరికాదు.

ఇంటికి పనికివచ్చే కొలమానం ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి వ్యక్తిగత శ్రవణ పరికరాల కోసం రూపొందించిన ప్రమాణంలో ఉంది. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు, పిల్లల వంటి సున్నితమైన శ్రోతలకు 75 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు అన్నది దాని సారాంశం. అది హెడ్‌ఫోన్ల వంటి వాటి కోసం రాసినదే అయినా, చెవిని చేరే శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందన్న తేడా చెవికి ఉండదు. ఇక్కడ అసలు గ్రహించవలసినది మోతాదు. స్థాయి 3 డెసిబెల్స్ పెరిగితే అనుమతించదగిన సమయం సగానికి పడిపోతుంది. వారానికి 80 దగ్గర 40 గంటలు అయితే, 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, 89 దగ్గర 5 గంటలు. 100 దగ్గర మొత్తం వారానికి దాదాపు 20 నిమిషాలు మాత్రమే. వాల్యూమ్ మీద 3 డెసిబెల్స్ మార్పు చెవికి స్వల్పంగానే తోస్తుంది. అందుకే మన ఇంద్రియాల మీద ఆధారపడి ఈ మోతాదును అంచనా వేయలేము.

హాని ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్ద కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చే పని వాటిదే. మనుషులలో అవి నశిస్తే మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దం తరువాత చెవులు దిబ్బళ్లు వేసినట్లు ఉండి, మరునాటికి సర్దుకుంటే ఏమీ కాలేదని అనుకుంటాము. 2009లో కుజావా, లీబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పరీక్షలో వినికిడి మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా రోమకణాలకూ శ్రవణనాడికీ మధ్య ఉండే సంధులు శాశ్వతంగా దెబ్బతిన్నట్లు కనిపించింది. మనుషులలో దాని ప్రభావం ఎంతన్న దానిపై చర్చ సాగుతూనే ఉంది, కాని వింటున్న తరువాత చెవిలో హోరు మొదలైందంటే ఆ స్థాయి మీకు ఎక్కువైందని అర్థం. దాన్ని అలవాటుగా తీసుకోవద్దని నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ చెబుతాను.

మీ పాప విషయంలో నాకు స్థాయి కన్నా దూరం ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. నాదమాపకం గారి లెక్కనే తీసుకుంటే, సోఫా దగ్గర 75 ఉన్నప్పుడు స్పీకరుకు అర మీటరు దూరంలో నిలబడిన బిడ్డకు అది 85కు దగ్గరగా ఉంటుంది. చిన్న పిల్లలు స్పీకరు ముందుకు వెళ్లి, జాలీకి చెవి ఆనించి ఆడుకుంటారు. స్పీకర్లను పిల్లలకు అందని ఎత్తులోనో, ముందు ఏదైనా అడ్డు ఉండి దగ్గరకు చేరలేని చోటనో అమర్చండి. యాంప్లిఫయర్‌లో గరిష్ఠ వాల్యూమ్‌ను పరిమితం చేసే సదుపాయం ఉంటే తప్పక వాడండి.

గృహశ్రోత

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాట్ల విషయం ఇప్పుడు స్పష్టమైంది. అయితే స్పీకరు నాణ్యతను ఎలా పోల్చాలి? దుకాణంలో వింటే అన్నీ బాగానే ఉన్నట్లు అనిపిస్తోంది. ఇంకొక సందేహం: నేను తక్కువ శబ్దంతో వింటే పాట పలచబడినట్లు, కింది స్వరాలు మాయమైనట్లు ఉంటుంది. అందుకే తెలియకుండానే పెంచేస్తుంటాను. మంచి స్పీకరు కొంటే ఈ లోటు తీరుతుందా?

సమాధానం: గదిధ్వని

మీ రెండవ సందేహం చాలా విలువైనది. సగం ఇళ్లలో వాల్యూమ్ పెరగడానికి కారణం అదేనని నేను నమ్ముతాను. అది స్పీకరు లోపం కాదు, చెవి స్వభావం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, శబ్దం తగ్గుతున్న కొద్దీ మంద్ర స్వరాలను మన చెవి మధ్య స్వరాల కన్నా ఎంతో ఎక్కువగా కోల్పోతుందని కొలిచి చూపారు. కాబట్టి ఎంత ఖరీదైన స్పీకరు అయినా వాల్యూమ్ తగ్గిస్తే పలచగానే వినిపిస్తుంది. దీనికి మందు వాల్యూమ్ పెంచడం కాదు, మంద్రాన్ని మాత్రమే పెంచడం. కొన్ని యాంప్లిఫయర్లలో లౌడ్‌నెస్ అన్న మీట ఉంటుంది. కొన్ని రిసీవర్లలో (టీవీ వంటి వాటిని కలుపుకునే వీలున్న యాంప్లిఫయర్లలో) వాల్యూమ్ తగ్గుతున్న కొద్దీ ఆ దిద్దుబాటును తామే చేసుకునే సదుపాయం ఉంటుంది. మీరు నెమ్మదిగా వినదలచుకున్నారు కనుక, ఎన్ని వాట్లు అని అడిగే ముందు ఈ సదుపాయం ఉందా అని అడగండి. టోన్ నియంత్రణలను వాడడం తప్పన్న అభిప్రాయం కొందరు శ్రోతలలో ఉంది. తక్కువ శబ్దంతో వినేవారి విషయంలో నేను దానితో ఏకీభవించను.

ఇక నాణ్యత. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ చేసిన పరిశోధనలు ఈ విషయంలో మనకు గొప్ప ఆధారం. స్పీకర్లను తెర వెనుక దాచి వినిపించినప్పుడు, శ్రోతలలో అత్యధికులు ఒకే రకం స్పీకర్లను ఇష్టపడ్డారు: ఎదురుగా కొలిచినప్పుడు అన్ని స్వరాలనూ సమానంగా పలికేవి, పక్కలకు వెళ్లే శబ్దం కూడా ఎగుడుదిగుళ్లు లేకుండా నెమ్మదిగా తగ్గేవి. కాబట్టి పౌనఃపున్య వ్యాప్తి (స్పీకరు పలికే కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఉన్న పరిధి) 50 నుంచి 20,000 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉంటే తృప్తి పడకండి. ఆ వ్యాప్తిలో ఎన్ని డెసిబెల్స్ తేడాతో పలుకుతుందో ఇచ్చారా చూడండి. తేడా 3 డెసిబెల్స్‌కు అటూ ఇటూ మించకపోతే ఆ అంకెకు అర్థం ఉంటుంది. స్వతంత్రంగా కొలిచిన గ్రాఫ్ దొరికితే ఇంకా మంచిది.

దుకాణంలో అన్నీ బాగున్నట్లు తోచడానికీ, ఒకటి మాత్రం మిగిలిన వాటికన్నా మెరుగ్గా తోచడానికీ ముఖ్య కారణం స్థాయి తేడా. రెండు స్పీకర్లలో ఏది కాస్త బిగ్గరగా ఉంటే అదే మంచిదని చెవి తీర్పు చెబుతుంది. ఆ తేడా ఒక డెసిబెల్ కూడా లేకపోయినా ఇలా జరగవచ్చు. సెన్సిటివిటీ ఎక్కువ ఉన్న స్పీకరు ఒకే వాల్యూమ్ దగ్గర సహజంగానే గెలుస్తుంది. అందుచేత మారుస్తున్నప్పుడు మీటరుతో స్థాయిలను సరిచేయమని అడగండి, మీరు ఇంట్లో వినే స్థాయిలోనే వినండి, మీకు బాగా తెలిసిన మానవ కంఠాన్ని వినండి. గాయకుడు గొట్టంలోంచి పాడుతున్నట్లు గాని, ప్రతి సకారమూ ఈల వేసినట్లు గాని ఉంటే ఆ స్పీకరు మీకు వద్దు. ఇంటికి తెచ్చి విని, నచ్చకపోతే వెనక్కి ఇవ్వగల అవకాశం ఉంటే మరేదీ దానికి సాటిరాదు.

గది విషయం తప్పక చెప్పాలి. 5 మీటర్ల పొడవున్న గదిలో 34 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్ల వెడల్పుకు 43 హెర్ట్జ్ దగ్గర గది తానే ఆ స్వరంతో కలిసి మోగుతుంది. సోఫా వెనుక గోడకు ఆనుకుని ఉంటే ఆ స్వరాలు ఉబ్బి, మిగిలినవన్నీ వాటి కింద మునిగిపోతాయి. సోఫాను కొద్దిగా ముందుకు జరిపి, స్పీకర్లను మూలలనుంచి దూరంగా పెట్టి, ట్వీటర్ (స్పీకరులో పై స్వరాలను పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండేటట్లు అమర్చి, నేల మీద మందమైన తివాచీ, కిటికీలకు బరువైన తెరలు వేస్తే మాట స్పష్టత పెరుగుతుంది. మాట స్పష్టంగా ఉంటే వాల్యూమ్ పెంచాలన్న కోరిక తగ్గుతుంది. గదిలో ఫ్యాన్, ఏసీ చప్పుడు ఎంత తగ్గితే అంత తక్కువ శబ్దంతో వినవచ్చు. ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోని విషయం.

మీ గదికి 6.5 అంగుళాల వూఫర్ (కింది స్వరాలను పలికే భాగం) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల, అంటే అరలో పట్టే చిన్న స్పీకర్ల, జత చాలు. సినిమాలలో మరింత మంద్రం కావాలనిపిస్తే తరువాత ఒక సబ్‌వూఫర్, అంటే మంద్రాన్ని మాత్రమే పలికే విడి స్పీకరు, చేర్చుకోవచ్చు.

సమాధానం: మంద్రస్థాయి

గదిధ్వని గారి సూచనలలో చివరి దానితో మాత్రమే నాకు కొంత భేదం ఉంది. వీలుంటే పెద్ద వూఫర్ ఉన్న స్పీకరునే, లేదా మొదటి నుంచీ సబ్‌వూఫర్‌నే తీసుకోమని నా సలహా. ఎక్కువ శబ్దం కోసం కాదు. చిన్న వూఫర్ మంద్ర స్వరాలను పలకడానికి ముందుకూ వెనక్కూ ఎక్కువ దూరం కదలవలసి వస్తుంది, అప్పుడు వక్రీకరణ, అంటే అసలు శబ్దం రూపు చెడడం, పెరుగుతుంది. గదిధ్వని గారు చెప్పిన మంద్రం దిద్దుబాటును ఉపయోగిస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. పెద్ద వూఫర్ అదే పనిని శ్రమ లేకుండా చేస్తుంది.

అయితే దీనికి మరొక వైపు ఉంది. మనలో చాలామందికి చెవులు నొచ్చడం మొదలయ్యేది శబ్దం పెరిగినందువల్ల కాదు, చిన్న పరికరం వక్రీకరించి గరగరలాడినందువల్ల. వక్రీకరణ లేని మంచి స్పీకరు 90 డెసిబెల్స్ దగ్గర కూడా హాయిగానే వినిపిస్తుంది, తగ్గించమన్న హెచ్చరిక చెవినుంచి రాదు. కాబట్టి మంచి స్పీకర్లు కొన్నవారికే మీటరు అవసరం ఎక్కువ. స్మార్ట్‌ఫోన్‌లో పనిచేసే శబ్దమాపక యాప్‌లు ఉన్నాయి. నియోష్ సంస్థ కూడా ఐఫోన్ల కోసం ఒకదాన్ని ఉచితంగా ఇస్తోంది. ఫోన్‌ను మీ చెవి ఉండే చోట పట్టుకుని, యాప్‌లో 'A' వెయిటింగ్ అన్న కొలత పద్ధతిని ఎంచుకుని, క్షణక్షణం ఊగే అంకెను కాక కనీసం ఒక పాట మొత్తానికి వచ్చే సగటును చూడండి. 'A' వెయిటింగ్ మంద్రాన్ని తక్కువగా లెక్కిస్తుంది కనుక సబ్‌వూఫర్ ఉన్నవారు మంద్రాన్ని అంతగా తగ్గించని 'C' వెయిటింగ్‌లోనూ ఒకసారి కొలవడం మంచిది. ఫోన్ మైకులు క్షణికమైన పెద్ద దెబ్బలను సరిగా పట్టలేవు, సగటుకు మాత్రం చాలావరకు పనికివస్తాయి. మీరు వాడే వాల్యూమ్ అంకె దగ్గర ఎన్ని డెసిబెల్స్ వస్తున్నాయో ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతిరోజూ కొలవనక్కరలేదు.

యాంప్లిఫయర్ చిన్నదైతే స్పీకరుకు క్షేమమన్న అపోహ కూడా ఉంది. సామర్థ్యానికి మించి పెంచినప్పుడు యాంప్లిఫయర్ తరంగాల శిఖరాలను కత్తిరిస్తుంది; అప్పుడు సగటు శక్తి పెరిగి, పై స్వరాల వైపు అదనపు శక్తి చేరి, ముందుగా కాలిపోయేది ట్వీటరే. గరగర వినిపించిన వెంటనే తగ్గించండి.

సమాధానం: శ్రవణపరీక్షకులు

నాన్నగారి విషయం మిగిలిపోయింది. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా పై పౌనఃపున్యాలను తీసుకుపోతుంది. మాటలో అచ్చులకు బలం కింది స్వరాలలోనూ, స, శ, త, ప వంటి హల్లుల తేడాలు పై స్వరాలలోనూ ఉంటాయి. అందుకే ఆయనకు మాట వినిపిస్తుంది గాని ఏం మాట్లాడారో తెలియదు. వాల్యూమ్ పెంచితే ఇప్పటికే వినిపిస్తున్న అచ్చులు, వెనుక సంగీతం మరింత పెరుగుతాయి. కావలసిన హల్లులు అంతగా తేలవు. ఇంటిల్లిపాదికీ శబ్దం పెరుగుతుంది, ఆయనకు ఒరిగేది స్వల్పం.

ముందుగా ఆయనకు ఆడియోమెట్రీ (వినికిడిని కొలిచే) పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం అవసరమని తేలితే, టీవీ శబ్దాన్ని నేరుగా అందుకోగల యంత్రాలు ఉన్నాయి, వాటి గురించి అడగండి. పరీక్ష అయ్యేలోగా ఆయన కుర్చీ పక్కన, చేయి చాపినంత దూరంలో, టీవీకి అనుసంధానించిన ఒక చిన్న స్పీకరు పెట్టండి. 3 మీటర్ల దూరం ముప్పావు మీటరుకు తగ్గితే ఆయనకు నేరుగా చేరే శబ్దం 12 డెసిబెల్స్ పెరుగుతుంది, గదిలోని పెద్ద స్పీకర్లను ఏమాత్రం పెంచనక్కరలేదు. ఆ చిన్న స్పీకరులో కింది స్వరాలను తగ్గించి పై స్వరాలను కొంచెం పెంచండి. టీవీలో గాని రిసీవర్‌లో గాని సంభాషణలను పెంచే సదుపాయం, రాత్రి వేళకు ఉద్దేశించిన నైట్ మోడ్ ఉంటే వాడి చూడండి. నైట్ మోడ్ పేలుళ్లను తగ్గించి మెల్లని మాటలను పైకి తెస్తుంది.

గృహశ్రోత

పక్కన చిన్న స్పీకరు పెట్టాలన్న ఆలోచన మాకు ఎప్పుడూ తట్టలేదు. నాన్నగారిని పరీక్షకు తీసుకువెళ్లే ఏర్పాటు ఈ వారమే చేస్తాను. ఇప్పుడున్న టీవీ మేము మామూలుగా పెట్టే వాల్యూమ్ దగ్గర సోఫా వద్ద ఎంత ఉందో, పాప ఆడుకునే చోట ఎంత ఉందో ఫోన్‌తో కొలిచి, ఆ అంకెలను దుకాణానికి తీసుకువెళతాను. వూఫర్ పరిమాణం గురించి గదిధ్వని, మంద్రస్థాయి గార్ల సూచనలు రెండింటినీ ఒకే స్థాయి శబ్దం దగ్గర విని నిర్ణయించుకుంటాను. లౌడ్‌నెస్ సదుపాయం ఉన్న 50 వాట్ల యాంప్లిఫయర్లలో, స్పీకరు ఇంపీడెన్స్ (విద్యుత్తుకు స్పీకరు కలిగించే అడ్డు) 4 ఓములకు పడిపోయినా ఇబ్బంది పడనిదాన్ని ఎలా గుర్తించాలో ఎవరైనా చెప్పగలరా?

సమాధానం: నాదమాపకం

వివరాల పత్రంలో 8 ఓముల దగ్గరా, 4 ఓముల దగ్గరా ఇచ్చే శక్తిని విడివిడిగా రాశారా చూడండి. 4 ఓముల అంకె 8 ఓముల దాని కన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటే, అంటే 50కి బదులు 80 లేక 90 అని ఉంటే, దాని విద్యుత్ సరఫరా భాగం బలంగా ఉందని నమ్మవచ్చు. 4 ఓముల ప్రస్తావనే లేకపోతే, లేదా 6 ఓములకు తక్కువ వద్దని వెనుక పలక మీద రాసి ఉంటే, దానికి 8 ఓముల స్పీకర్లనే జతచేయండి. మీరు అనుకుంటున్న స్థాయిలో వినేవారికి అదీ ఏ లోటూ చేయదు.